కూపన్ వెనుక ‘తుది నిర్ణయం’

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. మాకు గరగ నృత్య బృందం ఉంది. సంక్రాంతికి ఇక్కడి ఒక బట్టల దుకాణం ‘ప్రజలు మెచ్చిన బృందం’ పేరిట వినోద పురస్కారాలు ప్రకటించింది. వెయ్యి రూపాయల కొనుగోలుకు ఒక ఓటు కూపన్, ఎక్కువ ఓట్లు వచ్చినవారికి 50 వేల రూపాయలు. మేమే ముందున్నామని లెక్కింపు దగ్గరున్న కుర్రాడు చెప్పాడు. వేదిక మీద మాత్రం మరో బృందం పేరు చదివారు. ఎవరికెన్ని ఓట్లో చెప్పలేదు. అడిగితే కూపన్ వెనుక ‘నిర్వాహకులదే తుది నిర్ణయం’ అన్న వాక్యం చూపించారు. మోసం కేసు పెట్టవచ్చా? మా ఊరివాళ్లు ఇతరుల కూపన్లు కూడా సేకరించి మాకే వేశారు, అది ఇబ్బందా?

జవాబు: పోలీస్ స్టేషన్‌కు వెళ్లే ముందు ఆగండి. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం నిలబడాలంటే, దురుద్దేశం ప్రకటన చేసిన నాడే ఉందని చూపాలి. ఇక్కడ బహుమతి ఇచ్చారు, మీకు ఇవ్వలేదు. మీరు చెప్పినంతవరకు ఇది సివిల్ తగాదా.

ఆ ‘తుది నిర్ణయం’ సంగతి చూద్దాం. అది లేని పోటీ కరపత్రం నాకు కనబడలేదు. న్యాయనిర్ణేతలు మార్కులు వేసే నాటక పోటీల్లో ఆ మాటకు బరువుంటుంది, ఎవరి నటన మేలో కోర్టు తేల్చదు. ఓట్లతో తేలుస్తామన్న చోట మిగిలేది లెక్క ఒక్కటే. ముందు పక్క ‘ఎక్కువ ఓట్లు వచ్చినవారికే’ అని అచ్చువేసి, వెనుక పక్క చిన్న అక్షరాలతో దాన్ని కొట్టివేస్తామంటే ఒప్పుకోనక్కర్లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 8వ సెక్షన్ ప్రకారం, ప్రతిపాదనలోని షరతు నెరవేర్చడమే దానికి అంగీకారం. మీరు ఆడారు, ఓట్లు వచ్చాయని రుజువైతే బహుమతి సొమ్ముకు సివిల్ దావా వేయవచ్చు.

అయితే మీకన్నా మీకు ఓటేసినవారి కేసే సులువు. ప్రవేశ రుసుము కట్టకుండా ఆడిన మీరు ‘వినియోగదారు’ అవుతారా అన్న పేచీ వస్తుంది. చీర కొని కూపన్ తీసుకున్న ఆవిడకు ఆ పేచీ లేదు. అమ్మకాలు పెంచుకోవడానికి పోటీ పెట్టడం, తుది ఫలితాల సమాచారం దాచడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్‌లోని అనుచిత వాణిజ్య విధానాల కిందికి వస్తాయని గట్టిగా వాదించవచ్చు. తానుంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఒక జాగ్రత్త: కూపన్ షరతును ‘అన్యాయమైన ఒప్పందం’ అని రాయకండి, ఆ ఫిర్యాదు రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

ఆధారాలు లేకుండా ఇవేవీ నిలవవు. 2007లో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’తో పాటు నడిపిన ఎస్సెమ్మెస్ పోటీ మీద 2008లో జాతీయ కమిషన్ కోటి రూపాయల దండన పరిహారం విధించింది. రుజువు చాలదని 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఎస్సెమ్మెస్ చార్జీల్లోంచే బహుమతి డబ్బు వచ్చిందన్నది ఆరోపణగానే మిగిలిపోయింది. మీ లెక్కింపు కుర్రాడి మాట కూడా అంతే. అతను సాక్షిగా వచ్చి చెప్పనంతవరకు పనికిరాదు. ఉద్యోగం ఉండగా వస్తాడా అన్నది వేరే సంగతి.

కాబట్టి ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. బృందాలవారీ ఓట్ల లెక్క అడగండి, పెట్టెలోని కూపన్లను, వాటి కౌంటర్ ఫాయిళ్లను పారేయవద్దని స్పష్టంగా రాయండి. నోటీసు అందాక చించేస్తే, అవి తమకు వ్యతిరేకం కాబట్టే దాచారని కోర్టు భావించే అవకాశం ఉంటుంది. బిల్లుకు పిన్ను కొట్టిన కూపన్లు ఎవరి దగ్గరైనా మిగిలితే, పిన్ను తీయకుండా అలాగే ఉంచమనండి. ఏ కొనుగోలుకు ఏ ఓటన్నది ఆ జంటే చెబుతుంది. ఫోనులోని ప్రకటన వీడియోకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. ఇదంతా భారమనిపిస్తే మండల న్యాయ సేవాధికార కమిటీకి అర్జీ పెట్టండి, ఖర్చు లేకుండా ఇద్దరినీ కూర్చోబెడతారు. 50 వేల తగాదాకు నేనైతే ముందు అక్కడికే వెళతాను.

ఇక మీరు సేకరించిన కూపన్లు. ‘కొన్నవారే ఓటు వేయాలి’ అని ఎక్కడైనా అచ్చయి ఉందేమో చూడండి. ఉంటే అవతలివారు మొదట పట్టుకునేది అదే, ఆ ఓట్లు తీసేశాక మీరు ముందుంటారో లేదో లెక్క వేసుకోండి. లేకపోతే పెద్ద ఇబ్బంది కాదు. ఏదైనా సరే, నోటీసు రాసే న్యాయవాదికి ఆ సంగతి ముందే చెప్పండి.