హెర్నియా సంచిలో క్యాన్సర్ కణాలు: ముందు మూలం ఎక్కడో తేల్చుకోండి

మీ నాన్నగారికి గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ చేస్తుంటే సంచిలో గట్టిగా చిన్న గడ్డ కనిపించిందని, బయాప్సీలో అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో మొదలయ్యే క్యాన్సర్) అని వచ్చిందని రాశారు. హెర్నియాని వదిలేయడం వల్లే ఇది వచ్చిందా అన్న బెంగ పెట్టుకోకండి. హెర్నియా క్యాన్సర్‌గా మారదు. ఆ సంచి కడుపు లోపలి పొర బయటికి ఉబ్బిన భాగమే. లోపల ఎక్కడో మొదలైన క్యాన్సర్ కణాలు అక్కడికి చేరి ఉండొచ్చు. పేగు, అపెండిక్స్, జీర్ణాశయం, పాంక్రియాస్, ప్రోస్టేట్, ఇలా చాలా చోట్లు ఉన్నాయి.

కాబట్టి ఇప్పుడు అసలు పని మూలం వెతకడం. బయాప్సీ ముక్క మీద ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (కణాల్లోని ప్రత్యేక ప్రోటీన్లను రంగులతో గుర్తించే పరీక్ష) చేశారో లేదో అడగండి. ఆ కణాలు ఏ అవయవానివో చాలాసార్లు దానితోనే ఆధారం దొరుకుతుంది. స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు (బయాప్సీ ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మలు), ఆపరేషన్ నోట్స్ తీసుకుని మెడికల్ ఆంకాలజిస్టుని, అంటే క్యాన్సర్‌కి మందులతో చికిత్స చేసే డాక్టర్ని కలవండి. సాధారణంగా ఛాతీ, కడుపు, కటి భాగాలకు సీటీ స్కాన్, కొలొనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష), సీఈఏ (పేగు లాంటి క్యాన్సర్లలో పెరగొచ్చు), పీఎస్ఏ (ప్రోస్టేట్‌కి సంబంధించినది) లాంటి రక్తపరీక్షలు రాస్తారు. మూలం తేలకముందే కీమో మొదలుపెడదామంటే కారణం అడగండి, రెండో అభిప్రాయం తీసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

హెర్నియా ఆపరేషన్‌లో మెష్ (ఆ చోటుని బలపరిచే వల) వేశారా అన్నది కూడా ఆంకాలజిస్టుకి చెప్పండి. కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా మాత్రం ఈ పరీక్షల కోసం ఆగకుండా వెంటనే సర్జన్‌కి చూపించండి.