జనం లేని తీరంలో ఏం చూడాలి?

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

ఉష్ణమండలంలో జనసంచారం లేని తీరానికి వెళ్తున్నామని, చుట్టుపక్కల ఏం చూడాలో చెప్పమని రాశావు. అక్కడ చోటు కన్నా వేళ ముఖ్యం తల్లీ. అదే ఇసుక పూటకో రకంగా ఉంటుంది. ముందు ఆటుపోట్ల సమయాలు కనుక్కో. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు వస్తాయి. ఏ రోజుకా రోజు అవి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ నీరు మామూలు కన్నా చాలా దూరం తీస్తుంది. వీలైతే ప్రయాణం ఆ రోజుల్లోనే పెట్టుకో.

నీరు పూర్తిగా తీయడానికి గంట ముందే రాళ్ల దగ్గరికి వెళ్లండి. గుంటల్లో నిలిచిన నీటి మీద మీ నీడ పడకుండా కూర్చోండి. మొదట ఏమీ కనిపించదు. లేచిపోవద్దు. కాసేపటికి అడుగున ఒక గుల్ల నడవడం మొదలుపెడుతుంది. అది సన్యాసి పీత. పొట్ట మెత్తన కాబట్టి ఖాళీ గుల్లలో దూరి దాన్నే మోసుకు తిరుగుతుంది. ఒళ్లు పెరిగితే ఇంకా పెద్దది వెతుక్కోవాలి. పెద్ద గుల్ల దొరికినప్పుడు కొన్ని జాతుల పీతలు పెద్దవి ముందు, చిన్నవి వెనుక వరుస కడతాయి. మొదటిది కొత్తదానిలోకి మారగానే అది వదిలిన దానిలోకి రెండోది, ఆ తర్వాత మూడోది దూరిపోతాయి. అందంగా ఉన్నాయని గుల్లలు ఏరుకుని రాకు. అవి వాటికి ఇళ్లు.

మీరు వెళ్లేది హిందూ మహాసముద్రం వైపో, పసిఫిక్ వైపో అయితే, నీరు తీసిన తడి ఇసుక మీద ఆవగింజల్లాంటి ఉండలు కుప్పలుగా కనిపించవచ్చు. గోరంత పీతలు ఇసుకను నోట్లో వేసుకుని, దానికి అంటిన సూక్ష్మమైన ఆహారాన్ని తీసుకుని, మిగిలినది ఉండ చేసి వదిలేస్తాయి. బొరియ చుట్టూ కిరణాల్లా బారులు తీరిన ఆ ఉండలను తొక్కకుండా పక్కనుంచి నడవండి. అడుగుల చప్పుడుకు అన్నీ లోపలికి పోతాయి. కదలకుండా నిలబడితే మళ్లీ పైకి వస్తాయి.

తెల్లవారుజామున పోటు గీతకు పైన ఇసుకను చూడు. సముద్రం నుంచి వచ్చి, తిరిగి సముద్రంలోకే పోయిన వెడల్పాటి జాడ ఉంటే రాత్రి గుడ్లు పెట్టడానికి తాబేలు వచ్చిందన్నమాట. గుడ్లు పొదిగే ఇసుక వేడిగా ఉంటే ఎక్కువగా ఆడపిల్లలే పుడతాయి. అక్కడ తవ్వవద్దు, గొడుగు పాతవద్దు. రాత్రి తాబేలే ఎదురైతే దూరంగా ఆగిపోండి. టార్చి, ఫోను లైటు వేయవద్దు. తాబేలు పిల్లలు వెలుగున్న వైపే పాకుతాయి. మనం వేసిన దీపం వాటిని సముద్రానికి దూరం చేస్తుంది.

దగ్గర్లో ఏరు సముద్రంలో కలిసే చోట మడ అడవి ఉంటే తప్పక చూడండి. బురదలోంచి పైకి పొడుచుకువచ్చిన వేర్లు చెట్టు కోసం గాలి పీలుస్తాయి. కొన్ని చెట్లకు విత్తనం కొమ్మ మీదే మొలకెత్తి, ఆ తర్వాత రాలుతుంది. రెక్కల మీద ఆనుకుని బురదలో గెంతే చేపలు కూడా ఉండవచ్చు. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు అవి చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటాయి.

సూర్యాస్తమయం ఎలాగూ చూస్తారు. ఆ ప్రాంతాల్లో సూర్యుడు నిటారుగా దిగుతాడు, చీకటి త్వరగా పడుతుంది. దారి ముందే చూసుకోండి. వెన్నెల లేని రాత్రి నీటిని చేత్తో కదిలించి చూడు. కంటికి కనిపించని ఏకకణజీవులు ఉంటే నీలంగా మెరుస్తుంది. అన్ని రాత్రులూ ఇది ఉండదు, అయినా ప్రయత్నించు.

ఇక జాగ్రత్తలు, వీటిని తేలిగ్గా తీసుకోకు. అలలు విరుగుతున్న వరుసలో ఒకచోట మాత్రం నీరు ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపిస్తే అక్కడ దిగవద్దు. లోపలికి లాగే ప్రవాహం అదే కావచ్చు. అందులో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా, తీరం వెంబడి పక్కకు ఈది బయటపడాలి. శంఖువు ఆకారంలో, రంగురంగుల చారలతో ఉన్న నత్తను చేత్తో ముట్టుకోవద్దు. వాటిలో కొన్నింటి విషం ప్రాణం తీస్తుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన జెల్లీఫిష్ చచ్చినా కుడుతుంది. చెప్పులు లేకుండా రాళ్ల మీదికి వెళ్లవద్దు. వెనక్కి వచ్చే దారిని పోటు మూసేయకముందే బయలుదేరండి.

ఇట్లు,
మీ మామయ్య