డెస్క్‌టాప్‌పై ఎక్స్‌ఎంఎల్ సవరణకు ఏ ప్రోగ్రామ్ ఎంచుకోవాలి?

పరిశోధన పత్రికల వ్యాసాలను జాట్స్ (పత్రికా వ్యాసాలకు ఏ ట్యాగులు వాడాలో నిర్ణయించే నియమావళి) ప్రమాణం ప్రకారం ఎక్స్‌ఎంఎల్‌గా, అంటే పాఠంలోని ప్రతి భాగానికీ ట్యాగు అనే గుర్తు తగిలించిన ఫైలుగా, మార్చే పని మీ చిన్న సంస్థకు కొత్తగా వచ్చిందనీ, వాటిలో కొన్ని తెలుగు వ్యాసాలనీ, మీ దగ్గరున్నవి 8 జీబీ ర్యామ్ గల విండోస్ కంప్యూటర్లనీ రాశారు. నోట్‌ప్యాడ్ చాలదా, ఉచిత ప్రోగ్రామ్ ఏదైనా ఉందా, లేక డబ్బు పెట్టి కొనక తప్పదా అన్నది మీ ప్రశ్న. నేను హైదరాబాదులో చాలాకాలంగా ఇదే పని చేస్తున్నాను కనుక అనుభవం మీద చెబుతున్నాను. ట్యాగులతో నేరుగా పనిచేసేవారికి విజువల్ స్టూడియో కోడ్ అనే ఉచిత ఎడిటరు, అందులో అదనంగా చేర్చుకునే రెడ్ హ్యాట్ వారి ఎక్స్‌ఎంఎల్ ఎక్స్‌టెన్షన్ సరిపోతాయి. ట్యాగుల జోలికి పోకుండా భాషను మాత్రమే దిద్దవలసిన కాపీ ఎడిటర్లకు ఆక్సిజన్ ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్ కొనడం మంచిది. అందరి కంప్యూటర్లలోనూ ఒకే ప్రోగ్రామ్ ఉండాలనే పట్టింపు పెట్టుకోకండి. ఖర్చు పెరిగేది అక్కడే.

ట్యాగులకు రంగులు వేయడం, మూత ట్యాగును తానే చేర్చడం వంటివి ఈరోజుల్లో ప్రతి ఎడిటరూ చేస్తుంది కాబట్టి వాటిని చూసి నిర్ణయించడంలో అర్థం లేదు. మీరు చూడవలసింది, ఫైలును స్కీమాతో (ఏ ట్యాగు ఎక్కడ రావచ్చో చెప్పే నియమాల ఫైలుతో) పోల్చి తప్పులను ఎంత త్వరగా, ఎంత స్పష్టంగా పట్టి ఇస్తుందన్నది. తెరిచిన ప్రతి ట్యాగూ మూసి ఉన్నంత మాత్రాన ఫైలు సరైనది కాదు. 2012లో అమెరికా ప్రమాణాల సంస్థ నైసో ప్రమాణంగా వెలువడిన జాట్స్‌లో వ్యాస వివరాల విభాగానికి ఒక వరుస ఉంది: శీర్షిక, రచయితలు, ప్రచురణ తేదీ, ఆ తరువాతే సారాంశం. తేదీకి ముందు సారాంశం పెడితే నోట్‌ప్యాడ్ కిమ్మనదు, ఫైలు వెళ్ళి ప్రచురణకర్త సర్వరు దగ్గర తిరస్కరణకు గురవుతుంది. స్కీమా తెలిసిన ఎడిటరైతే అక్కడికక్కడే ఎర్రగీత గీస్తుంది. పైగా ఆ చోట కర్సరు పెట్టి అడిగితే, అక్కడ వాడదగిన ట్యాగులను మాత్రమే జాబితాగా చూపిస్తుంది. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు మా దగ్గర జాట్స్‌ను ఎక్కువగా ఆ జాబితా చూసే నేర్చుకున్నారు. పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు కంటికి కనిపించకుండా దూరే కంట్రోల్ అక్షరాలను కూడా ఇలాంటి ఎడిటరు పట్టుకుంటుంది, ఎందుకంటే ట్యాబ్, లైన్‌ఫీడ్, క్యారేజ్ రిటర్న్ తప్ప ఆ కోవలోని మిగతా వాటిలో చాలావాటిని ఎక్స్‌ఎంఎల్ 1.0 అనుమతించదు.

పై పని అంతా రెడ్ హ్యాట్ ఎక్స్‌టెన్షన్ ఉచితంగానే చేస్తుంది. స్కీమాను రాసే పద్ధతులైన డీటీడీ, ఎక్స్‌ఎస్‌డీ, రిలాక్స్ ఎన్‌జీ మూడింటితోనూ పోల్చి చూస్తుంది. ఒకప్పుడు దీనికోసం జావాను విడిగా ఇన్‌స్టాల్ చేయవలసి వచ్చేది, ఇప్పుడు ఆ అవసరం లేదు. అయితే మీకు పని ఇచ్చిన ప్రచురణకర్త స్కీమాట్రాన్ నియమాలు కూడా ఇచ్చారేమో ముందుగా అడిగి తెలుసుకోండి. "ప్రతి పటాన్నీ వ్యాసంలో ఎక్కడో ఒకచోట ప్రస్తావించి ఉండాలి" వంటి షరతును డీటీడీ చెప్పలేదు, స్కీమాట్రాన్ చెప్పగలదు. ఆక్సిజన్ ఈ రెండు రకాల తనిఖీలనూ టైపు చేస్తుండగానే కలిపి చేస్తుంది. ఆ నియమాలు ఉన్నట్లయితే కొనుగోలు వైపు మొగ్గడానికి అదొక్కటే చాలినంత కారణం.

ఇక అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చేది, ఫైలును అందంగా సర్దే ఫార్మాట్ ఆదేశం. తెలుగు వ్యాసాలు చేసేవారు దీని విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇంగ్లీషులో ట్యాగు సాధారణంగా పదానికి అటో ఇటో పడుతుంది కాని, మన విభక్తులు పదానికి అతుక్కుని ఉంటాయి కనుక ట్యాగు చాలాసార్లు పదం మధ్యలోనే పడుతుంది. వృక్షశాస్త్ర వ్యాసంలో వరి శాస్త్రీయ నామాన్ని ఇటాలిక్‌లో పెట్టవలసి వచ్చిందనుకోండి (జాట్స్ ట్యాగులు ఇంగ్లీషులోనే ఉంటాయి, ఇక్కడ సౌలభ్యం కోసం తెలుగులో రాస్తున్నాను):

<పేరా>ఈ జన్యువును <ఇటాలిక్>ఒరైజా సటైవా</ఇటాలిక్>లో గుర్తించారు.</పేరా>

గుడ్డిగా పనిచేసే ఫార్మాటరు ప్రతి ట్యాగునూ కొత్త పంక్తిలోకి నెడుతుంది. ఎక్స్‌ఎంఎల్‌ను పేజీగా మార్చేటప్పుడు ఆ కొత్త పంక్తి ఖాళీగా మారి, "ఒరైజా సటైవా లో" అని విభక్తి విడిపోయి అచ్చవుతుంది. ఒక్క ఆదేశంతో వ్యాసమంతటా ఇలా జరుగుతుంది, ఫైలు మాత్రం స్కీమా ప్రకారం సరైనదిగానే ఉంటుంది కాబట్టి ఏ తనిఖీలోనూ దొరకదు. మా దగ్గరికి వేరేచోట తయారై వచ్చిన ఫైళ్ళలో ఈ తెగిన విభక్తులను చేత్తో అతికించుకుంటూ కూర్చున్న సందర్భాలు చాలానే ఉన్నాయి. అందువల్ల ఏ ఎడిటరును పరీక్షించినా పై వాక్యాన్ని అతికించి, ఫార్మాట్ ఆదేశం ఇచ్చి, ఇటాలిక్ మూత ట్యాగుకూ "లో"కూ మధ్య ఏమైనా చేరిందేమో చూడండి. ఆక్సిజన్‌లో స్కీమా చూసి ఫార్మాట్ చేసే ఏర్పాటు ఉంది. పాఠమూ ట్యాగులూ కలిసి ఉండే చోట్లు ఏవో దానికి ముందే తెలుసు. విజువల్ స్టూడియో కోడ్‌లో, సేవ్ చేసినప్పుడల్లా ఫార్మాట్ చేసే సెట్టింగును ఈ పరీక్ష నెగ్గేవరకు ఆన్ చేయకండి.

తెలుగు విషయంలో మరో చిక్కు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని అక్షరం. "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో పొల్లును విడిగా నిలపడానికి దాన్ని వాడక తప్పదు. అయితే టైపిస్టు అలవాటు కొద్దీ దాన్ని పదం చివర కూడా నొక్కితే, తెరపై తేడా ఏమీ కనిపించకపోయినా ఆ కీలకపదం వెతుకులాటకు దొరకదు, సూచికలో రెండుసార్లు వస్తుంది. విజువల్ స్టూడియో కోడ్ ఇటువంటి కనిపించని అక్షరాలను పెట్టె గీసి చూపిస్తుంది. తెలుగు పాఠంలో ఈ పెట్టెలు మరీ ఎక్కువై విసుగు పుట్టిస్తాయి, అయినా సరే ఆపివేయకపోవడమే మేలు. తప్పు ఫలానా పంక్తిలో ఫలానా వరుస సంఖ్య వద్ద ఉందని సందేశం వచ్చినప్పుడు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన కంటికి ఒకే అక్షరంగా కనిపించే "స్త్రీ" కంప్యూటరు లెక్కలో 6 సంకేతాలు కాబట్టి, ఆ సంఖ్య కంటితో లెక్కపెట్టిన దానితో సరిపోదు.

ఆక్సిజన్‌ను కాపీ ఎడిటర్ల కోసం కొనమన్నది దాని ఆథర్ మోడ్ కోసం. అందులో వ్యాసం వర్డ్ ఫైలులా కనిపిస్తుంది, పట్టికలు పట్టికలుగానే ఉంటాయి, దిద్దుబాట్ల ఆనవాళ్ళు నిలుస్తాయి, వెనుక మాత్రం జాట్స్ నిర్మాణం చెక్కుచెదరదు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ (ఎక్స్‌ఎంఎల్‌ను వేరే రూపాల్లోకి మార్చే భాష) రాసేవారు మీ దగ్గర ఎవరైనా ఉంటే వారికీ ఇదే తగినది, ఎందుకంటే ఆ భాషను నడిపే శాక్సన్ దీనితోపాటే వస్తుంది, అడుగడుగునా ఆపి చూసుకునే డీబగ్గర్ కూడా ఉంది. కొన్ని ఉచిత సాధనాలు 1999 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 దగ్గరే ఆగిపోయాయి, 2017లో వచ్చిన 3.0 వాటికి తెలియదు. ఆల్టోవా వారి ఎక్స్‌ఎంఎల్‌స్పై కూడా గట్టి ప్రోగ్రామే కాని, దాని బలం స్కీమాలను బొమ్మల రూపంలో తయారు చేయడంలో ఉంది. ఇంకొకరు తయారు చేసిన స్కీమాను పాటించే మీకు అది ఎందుకు?

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌కు ఎక్స్‌ఎంఎల్ టూల్స్ ప్లగిన్ చేర్చితే చిన్న సవరణలకు హాయిగా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌ఎంఎల్ నోట్‌ప్యాడ్ చెట్టు ఆకారంలో చూపిస్తుంది కనుక సెట్టింగుల ఫైళ్ళకు బాగుంటుంది కాని, పేరాలతో నిండిన వ్యాసాలకు పనికిరాదు. ఈమ్యాక్స్ అనే పాత ఎడిటరు అలవాటున్నవారు నన్ను అడగరు.

8 జీబీ ర్యామ్ గురించి మీకు బెంగ అక్కర్లేదు. ఒక్కొక్క వ్యాసం ఒక్కొక్క ఫైలుగా ఉంటుంది, తెలుగు అక్షర సంకేతం యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకున్నా అది పెద్ద ఫైలు కాదు. పాత సంచికలన్నీ కలిపిన ఫైలు వస్తే మాత్రం చూసుకోవాలి: విజువల్ స్టూడియో కోడ్ 50 ఎంబీ మించిన ఫైళ్ళను ఎక్స్‌టెన్షన్లకు అందించదు కనుక అక్కడ తనిఖీ జరగదు. అటువంటి వాటిని ఎక్స్‌ఎంఎల్‌లింట్ అనే ఉచిత కమాండ్‌లైన్ సాధనంతో తనిఖీ చేసుకోవచ్చు.

ఆక్సిజన్‌ను 30 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు. ప్రచురణకర్త నుంచి స్కీమా, నమూనా వ్యాసాలు, స్కీమాట్రాన్ ఫైళ్ళు చేతికి వచ్చిన తరువాతే ఆ గడువు మొదలుపెట్టండి. ఆ లోగా విజువల్ స్టూడియో కోడ్‌తో పని ప్రారంభించవచ్చు. ఫైళ్ళు ఎటూ మామూలు పాఠ్య ఫైళ్ళే కాబట్టి, తరువాత ఆక్సిజన్‌కు మారినా ఒక్క ఫైలును కూడా మార్చవలసిన పని ఉండదు.