కరెంటు పోతే ఇన్సులిన్ పాడైనట్టేనా? ఇంట్లో మందులు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగం కోసం వచ్చి చెన్నై అంబత్తూరులో ఉంటున్నాం. మా అత్తగారికి 68 ఏళ్లు. రోజూ రెండు పూటలా 30/70 ఇన్సులిన్ వేస్తాం, థైరాయిడ్ మాత్ర కూడా ఉంది. మామగారు షుగర్‌కు గ్లిమెపిరైడ్ వాడతారు. ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో, మాత్రలన్నీ ఫ్రిజ్ మీద డబ్బాలో పెడతాను. మొన్న ఆరు గంటలు కరెంటు లేదు. ఆ ఇన్సులిన్ వాడొచ్చా? నిన్న మా రెండున్నరేళ్ల బాబు కుర్చీ ఎక్కి ఆ డబ్బా అందుకోబోయాడు. మందులు ఎక్కడ పెట్టమంటారు?
- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ఇన్సులిన్ గురించి టెన్షన్ పడకండి అమ్మా. తెరవకుండా మూసి ఉంచిన ఫ్రిజ్‌లో ఆరు గంటలకు అది పాడైపోదు. మూత తీయని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడకం మొదలుపెట్టాక 30 డిగ్రీలు దాటని చోట బయట కూడా ఉంచొచ్చు, చాలా రకాలకు 28 రోజుల గడువు. మొదలుపెట్టిన తేదీ సీసా మీద పెన్నుతో రాసుకోండి. మే నెలలో చెన్నై ఇళ్లు 30 దాటిపోతాయి కాబట్టి మీ సీసా ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి. కానీ తలుపులో వద్దు, తీసి మూసినప్పుడల్లా వేడి గాలి తగులుతుంది. మధ్య అరలో, వెనక గోడకు ఆనకుండా పెట్టండి. ఫ్రీజర్ దగ్గర అసలే వద్దు. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి బాగానే ఉండొచ్చు, అయినా పారేయాల్సిందే. 30/70 మామూలుగానే పాలలా ఉంటుంది. అరచేతుల మధ్య మెల్లగా దొర్లించినా ఉండలు కనిపిస్తే, సీసా గోడకు పొరలా అంటుకుంటే ఇక వాడకండి.

నెల్లూరులో ఉన్నప్పుడు తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టేవాళ్లేమో. మంచి పద్ధతే. అయితే నీరు ఆవిరవుతుంటేనే కుండ చల్లబడుతుంది. చెన్నై ఉక్కలో ఆ చల్లదనం తక్కువ. కరెంటు చాలాసేపు రాకపోతే ఐస్ ప్యాక్‌కు గుడ్డ చుట్టి, సీసా దానికి నేరుగా తగలకుండా పక్కన పెట్టండి.

ఇక మాత్రల డబ్బా ఈ రోజే ఫ్రిజ్ మీద నుంచి దింపండి. ఫ్రిజ్ లోపలి వేడిని బయటికి వదిలేస్తుంటుంది, అందుకే దాని పైభాగం వెచ్చగా ఉంటుంది. స్టవ్ పక్క అర, బాత్రూమ్ కూడా పనికిరావు. థైరాయిడ్ మాత్రకు వేడి, వెలుతురు, చెమ్మ మూడూ పడవు. రంగు మారకుండానే బలం తగ్గిపోవచ్చు. ఈసారి అత్తగారి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు సరిపోకపోతే పెరిగే హార్మోన్) పెరిగినట్టు రిపోర్టు వస్తే, డోసు పెంచేముందు ఆ మాత్రల సీసా ఎక్కడ ఉండేదో డాక్టర్‌కు చెప్పండి. థైరాయిడ్ మాత్రలను కంపెనీ సీసాలోనే, మూత బిగించి ఉంచాలి. స్ట్రిప్పులు కత్తిరించేటప్పుడు గడువు తేదీ లేని వైపు నుంచి మొదలుపెట్టండి, తేదీ చివరిదాకా మిగులుతుంది.

పడకగదిలో ఎండ పడని బీరువా పై అర మంచి చోటు, తాళం తప్పనిసరి. నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ బాబు సంగతే. మామగారి గ్లిమెపిరైడ్ ఒక్క మాత్ర మింగినా ఆ వయసు పిల్లల షుగర్ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. అది గంటల తర్వాత కూడా మొదలవ్వచ్చు. కాబట్టి మింగాడేమోనని అనుమానం వచ్చినా, ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో ఉండిపోకండి. వాంతి చేయించే ప్రయత్నం వద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెంటనే తీసుకెళ్లండి. మాత్రలకు చాక్లెట్ అని పేరు పెట్టి పిల్లలకు ఎప్పుడూ ఇవ్వకండి. అమ్మమ్మ తాతయ్యలు ఊరి నుంచి వచ్చినప్పుడు వాళ్ల చేతిసంచి కూడా అదే బీరువాలోకి వెళ్లాలి, మాత్రలు ఎక్కువగా అందులోనే ఉంటాయి. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఆ స్ట్రిప్పు వెంట తీసుకెళ్లండి, ఏ మాత్ర, ఎన్ని తగ్గాయి అన్నది తెలిస్తే అక్కడి డాక్టర్ ఆలస్యం లేకుండా వైద్యం మొదలుపెట్టగలరు.