కుర్చీ కోసం పర్సనల్ లోన్ ఎందుకమ్మా?

ప్రశ్న: మాది విజయవాడ దగ్గర పోరంకి. నా వయసు 34. మా వారు ఆటోనగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తారు. ఆయనకు నెలకు 62 వేలు చేతికొస్తాయి. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను, నాకు 43 వేలు. ఒక పాప, ఒకటో తరగతి. ఫ్లాట్ లోన్ వాయిదా 34,500. పాప ఫీజుతో కలిపి ఇంటి ఖర్చులు 45 వేలు. కొత్త ఇంట్లోకి వచ్చాక మంచి డిజైన్ ఉన్న వస్తువులు వెతికి కొనడం నాకు ఇష్టంగా మారింది. ఒక ల్యాంపు, కాఫీ టేబుల్, గోడ షెల్ఫు నో కాస్ట్ ఈఎంఐలో తీసుకున్నాం. మూడింటికీ కలిపి నెలకు 11,800, ఇంకా ఏడు నెలలు కట్టాలి. చిన్నచిన్నవి కార్డు మీద కొన్నాను. ఆ బాకీ 1.36 లక్షలైంది, మినిమం డ్యూ కట్టుకుంటూ వస్తున్నాం. బ్యాంకులో 38 వేలున్నాయి. ఇప్పుడు ఈమ్స్ లౌంజ్ చైర్ 1.6 లక్షలకే వస్తోంది, 5 వేలు అడ్వాన్సు కూడా ఇచ్చాను. బ్యాంకు వాళ్లు 14 శాతం వడ్డీకి 3 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. దాంతో కార్డు బాకీ తీర్చి, కుర్చీ కొనుక్కోవచ్చు కదా? ఇలాంటి వస్తువులకు ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరుగుతుందంటారు, పెట్టుబడి కిందే లెక్క కట్టుకోవచ్చా? లేదంటే బంగారం కుదువ పెట్టమంటారా?

జవాబు: ఖర్చుకు పెట్టుబడి అని పేరు పెట్టుకుని, ఆ ధైర్యంతో అప్పు చేయడం ఈమధ్య నాకు వచ్చే ఉత్తరాల్లో తరచుగా కనిపిస్తోంది. ఒకరు ఫోనుకు చేస్తారు, ఒకరు బైకుకు చేస్తారు, మీరు కుర్చీకి చేయబోతున్నారు. ఇది మీ ఒక్కరి సమస్య కాదు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు కుర్చీ సంగతి తేల్చేద్దాం. అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు రూపొందించిన ఆ లౌంజ్ చైర్ 1956లో మార్కెట్లోకి వచ్చింది. అమెరికాలో హెర్మన్ మిల్లర్ కంపెనీ దాన్ని ఇప్పటికీ తయారు చేస్తూనే ఉంది. అసలైన కుర్చీ ధర అక్కడే 5 వేల డాలర్ల పైమాట. మన రూపాయల్లో 4 లక్షలు దాటుతుంది, ఓడ ఖర్చులు, సుంకాలు వేరే. అలాంటిది మీకు 1.6 లక్షలకు ఎలా వస్తుంది? మీకు అమ్ముతున్నది దాని నమూనాలో చేసిన నకలు. నకలు కుర్చీ హాయిగానే ఉండొచ్చు, కూర్చోవడానికి నేను అడ్డు చెప్పను. కానీ ఇంటికి వచ్చిన మర్నాడు అది సెకండ్‌హ్యాండ్ ఫర్నిచర్. పాత ఒరిజినల్స్‌కి విదేశాల్లో వేలంపాటల్లో ధర పలకడం నిజమే. ఏ సంవత్సరం తయారీ, ఎవరి చేతిలో ఉండేది, లేబుల్ ఉందా లేదా అని చూసి కొనేవాళ్లు అక్కడ ఉన్నారు. రేపు మీకు డబ్బు అవసరమై అమ్మబోతే బెజవాడలో దాన్ని కొనేదెవరు? ఏ ధరకు? అమ్మకానికి పెట్టిన వారంలో చేతికి డబ్బు రాని దాన్ని నేను మీ ఆస్తుల పట్టికలో వేయను.

మీ అభిరుచిని తప్పుపట్టడం లేదు. అదే ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశమంతా తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ 1961లో మొదలైంది ఆ నివేదిక ఆధారంగానే. మన దేశంలో చూసిన వస్తువులన్నింటిలో వాళ్లు ఎక్కువగా మెచ్చుకున్నది చెంబుని. మన వంటింట్లో ఇత్తడి చెంబు! దాని మీద ఏ బ్యాంకూ లోన్ ఇస్తాననదు, అది వేరే సంగతి.

ఇక అసలు విషయం. మీ ఇంటి లోన్ వాయిదా, ఇంటి ఖర్చులు కలిపి నెలకు 79,500. బ్యాంకులో ఉన్నది 38 వేలు. అంటే ఇద్దరి జీతాలూ ఆగిపోతే మీ ఇల్లు రెండు వారాలు నడుస్తుంది. ఒకరి జీతం ఆగినా రెండో జీతం లోన్ వాయిదాకీ పాలకీ పోగా ఫీజు దగ్గర ఆగిపోతుంది. ఉత్తరంలో ల్యాంపు, టేబుల్, షెల్ఫు, కుర్చీ అన్నీ రాశారు. అత్యవసర నిధి గురించి ఒక్క మాట లేదు. ప్రైవేటు ఉద్యోగాలు చేసే ఇద్దరు, ఒక చిన్న పాప, పెద్ద హోమ్ లోన్ ఉన్న ఇంట్లో ఆరు నెలల ఖర్చు పక్కన లేకపోతే మిగతా ప్లానింగ్ అంతా కాగితం మీదే. మీ లెక్కకి అది సుమారు 4.8 లక్షలు. ఈ సలహా ప్రతి వారం ఇస్తానని పాత పాఠకులు నన్ను ఆటపట్టిస్తారు. పట్టించనివ్వండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు నీళ్లు విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లలోకి వచ్చినప్పుడు ఫ్రిజ్, మంచం, బైకు, పిల్లల పుస్తకాలు అన్నీ ఒకేసారి పోయాయి. సాయమైనా, బీమా సొమ్మయినా వచ్చేది తర్వాత. ఆ వారం గడవాలంటే ఖాతాలో డబ్బే ఉండాలి.

కార్డు విషయంలో మాత్రం నాకు ఓపిక తక్కువ. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే మీ 1.36 లక్షల మీద ఒక్క నెలకు 4,760. దాని మీద 18 శాతం జీఎస్టీ 857. మినిమం డ్యూ కింద, అంటే ఆ నెలకు కనీసం కట్టాల్సిన మొత్తంగా, మీరు 5 శాతం, అంటే 6,800 కడుతున్నారనుకుందాం. అందులో అసలుకి జమయ్యేది 1,200 కూడా లేదు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా ఏది గీకినా వడ్డీ లేని రోజులు మీకు వర్తించవు, గీకిన రోజు నుంచే వడ్డీ. కార్డు బ్యాంకుకి మీలాంటి కస్టమర్ అంటే చాలా ఇష్టం.

నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉచితం అనుకోవద్దు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. ఒకేసారి కట్టేవాళ్లకు వచ్చే తగ్గింపు మీకు రాదు, లోపల దాగిన వడ్డీ మీద జీఎస్టీ మీరే కడతారు. సరే, ఆ మూడూ అయిపోయేదాకా కట్టేయండి. నాలుగోది వద్దు.

ఇప్పుడు పర్సనల్ లోన్. 3 లక్షలు మూడేళ్లకి తీసుకుంటే వాయిదా దాదాపు 10,250. మీకు నెలాఖరుకి మిగిలేది ఎంతని? మినిమం డ్యూతో సహా అన్నీ పోగా 6,900. మినిమం డ్యూ 6,800 స్థానంలో 10,250 కడితే అది 3,450కి పడిపోతుంది, కుర్చీలో కూర్చుని నెలంతా టెన్షన్ పడాలి. కుర్చీ భాగం తీసేయండి. కార్డు బాకీ వరకే, 1.36 లక్షలే అడగండి. 14 శాతానికి రెండేళ్లకైతే వాయిదా సుమారు 6,530. అంటే ఇప్పుడు మినిమం డ్యూకి పోస్తున్న డబ్బుకన్నా తక్కువే, రెండేళ్లకు అప్పు సున్నా. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీరిస్తే పడే చార్జీ ఎంతో అడిగి సంతకం పెట్టండి. లోన్ డబ్బు పడిన రోజే కార్డు మొత్తం కట్టి, లిమిట్ 30 వేలకు తగ్గించమని బ్యాంకుకి రాయండి. షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు వివరాలు తీసేయండి. ఇది చేయకపోతే ఆరు నెలల్లో లోనూ ఉంటుంది, కార్డు బాకీ కూడా మళ్లీ వస్తుంది. అలాంటి ఇళ్లు చాలా చూశాను.

బంగారం పెడితే వడ్డీ కొంత తగ్గొచ్చు, కానీ గడువు దాటితే వేలమే. నెలనెలా అసలు కట్టే అలవాటు ఇంకా కుదరని మీకు అది వద్దు.

మిగిలే 6,900లో వెయ్యి రూపాయలు మీ ఇష్టానికి ఉంచుకోండి. నిజంగానే అంటున్నాను. పూర్తిగా మానేయమంటే మూడో నెలలో మళ్లీ కార్డు బయటికి వస్తుంది. రెండు మూడు నెలలవి కూడబెట్టి కొండపల్లి వెళ్తే తెల్లపొణికి చెక్కతో చేసిన మంచి బొమ్మ వస్తుంది, చేసినవాళ్లతోనే మాట్లాడి కొనొచ్చు. మిగతా 5,900 ఆర్డీలో, అంటే బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్‌లో, వేయండి. ఏడు నెలల తర్వాత ఈఎంఐలు పోగానే ఆ 11,800 కూడా అందులోకే. రెండేళ్లకు లోన్ తీరాక దాని వాయిదా కూడా అందులోకే. ఇలా చేస్తే ఇప్పుడు బ్యాంకులో ఉన్న 38 వేలతో కలిపి, వడ్డీ కలపకుండానే రెండేళ్ల నాలుగు నెలల్లో సుమారు 4.8 లక్షలకు చేరతారు. లక్ష దాటాక కొంత లిక్విడ్ ఫండ్‌లో, అంటే అవసరమైతే త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్‌లో, పెట్టుకోవచ్చు. అప్పటిదాకా షేర్లు, సిప్‌లు ఏవీ అడగకండి.

మీ వారి పేరిట కోటి రూపాయల టర్మ్ పాలసీ (ఆయనకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. ఆఫీసు హెల్త్ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతది ఒకటి ఉండాలి. ఆ ప్రీమియాల వల్ల నిధి రెండు మూడు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు. హోమ్ లోన్‌తో పాటు బ్యాంకు ఇంటికి బీమా చేయించి ఉంటే ఆ కాగితం వెతకండి. అది భారత్ గృహ రక్ష పాలసీ అయితే, ఇంటి బీమా మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల వరకు, ఇంట్లో సామాన్లకు కూడా రక్షణ అందులోనే ఉంటుంది. మీ టేబుల్, షెల్ఫు దాని కిందికే వస్తాయి. బిల్లులు దాచుకోండి.

అడ్వాన్సు 5 వేలు వెనక్కి ఇవ్వమని ఈరోజే మెసేజ్ పెట్టండి, నోటి మాట కాకుండా రాతపూర్వకంగా. అది ఒరిజినల్ అని చెప్పి అమ్మజూపితే ఆ మాట ఉన్న ప్రకటన స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. ఇవ్వకపోయినా ఆ 5 వేలు రాకుండా పోయాయనుకోండి, వాటికోసం లక్షన్నర పెట్టకండి. కార్డు బాకీ తీరిన స్టేట్‌మెంట్ వచ్చాక టర్మ్ పాలసీ మొత్తం కోటి సరిపోతుందో, పెంచాలో అడుగుతూ మళ్లీ రాయండి. అందులో మీ వారి వయసు, ఆఫీసు పాలసీ వివరాలు తప్పక ఉండాలి.