గుల్మార్గ్ వెళ్లండి, తాడు మాత్రం దాటకండి

(పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నది బెంగళూరులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తూ, ఏటా చలికాలంలో కశ్మీర్ కొండల్లో స్కీయింగ్ చేసే మా శీర్షిక రచయిత్రి.)

ప్రశ్న: మేడమ్, నాకు 31 ఏళ్లు. మాది అనంతపురం, ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో. పోయిన ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోని ఔలిలో 7 రోజుల స్కీ కోర్సు చేశాను. ఆగడం, మెల్లగా తిరగడం వచ్చింది. ఈ జనవరిలో ఆఫీసు ఫ్రెండ్స్ నలుగురం గుల్మార్గ్ వెళ్తున్నాం. గండోలా (తీగల మీద నడిచే కేబుల్ కారు) రెండో దశ పైదాకా ఎక్కి, జనం లేని వైపు కొత్త మంచులో దిగాలని ప్లాన్. అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది, రోజూ ఫోన్ చేసి వద్దంటోంది. ఎలా నచ్చజెప్పాలి? ఏమేం కొనుక్కోవాలి?
— ఎస్.ఆర్., మారతహళ్లి

జవాబు: అమ్మకు నచ్చజెప్పే పని పెట్టుకోకండి. ఈ విషయంలో ఆవిడ భయం సరైనదే. గుల్మార్గ్‌కు సంతోషంగా వెళ్లిరండి. పైనుంచి, స్కీయింగ్‌కు కేటాయించిన వాలు అంచున కట్టిన హద్దు తాడు దాటి దిగే ఆలోచన మాత్రం ఈ ఏడాదికి వదిలేయండి.

ఔలిలో మీరు నేర్చుకున్నది యంత్రంతో చదును చేసిన వాలు మీద. అక్కడ మంచు గట్టిగా ఉంటుంది, స్కీ అంచుకు పట్టు దొరుకుతుంది. నడుంలోతు కొత్త మంచులో ఆ పాఠం పనికిరాదు. కాళ్ల కింద స్కీలు ఎటు తిరిగాయో కనిపించదు. ముందు కొసలు దగ్గర చేసి, వెనక భాగం ఎడం చేసి ఆగడం మీకు నేర్పి ఉంటారు. లోతు మంచులో అలా చేస్తే రెండు స్కీలూ చెరో దారి పడతాయి. కింద పడి లేద్దామని చెయ్యి ఆనిస్తే అది భుజం దాకా దిగిపోతుంది. రెండు కర్రలనూ ఒకదానిమీద ఒకటి అడ్డంగా పేర్చి, వాటిమీద బరువు వేసి లేవాలి. అలా నాలుగుసార్లు లేచేసరికి ఊపిరి అందదు. గుల్మార్గ్ ఊరే దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. రెండో దశ దిగే చోటు 3,900 మీటర్లు దాటుతుంది. మనం ఉండే బెంగళూరు 900 మీటర్ల పైచిలుకే. నిన్న ఆఫీసులో కూర్చున్న ఒంటికి ఆ గాలి ఒక్కరోజులో అలవాటు కాదు.

అసలు భయం మంచు చరియలతో. చలికాలం మొదట్లో కొద్దిగా మంచు కురిసి, తర్వాత చాలా రోజులు ఆకాశం తేటగా, రాత్రుళ్లు బాగా చల్లగా ఉన్నాయనుకోండి. నేలకు ఆనుకున్న ఆ పాత మంచు పంచదార పలుకుల్లా, ఒకదానికొకటి అంటుకోని గింజలుగా మారిపోతుంది. దానిమీద పశ్చిమం నుంచి వచ్చే తుపాను గాలులు రెండు మూడు రోజుల్లో మందంగా కొత్త మంచు పరిచి పోతాయి. పైనుంచి చూస్తే తెల్లగా, నున్నగా, ఎంతో బాగుంటుంది. కింద మాత్రం పట్టు ఉండదు. ఒక మనిషి బరువు చాలు, వాలు మొత్తం పలకలా విరిగి జారడానికి. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే ఇది ఎక్కువ. స్కీ చేయడానికి మనకు సరదాగా ఉండే వాలు కూడా సరిగ్గా అదే. ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో ఎక్కువసార్లు ఆ చరియను కదిలించింది అందులో చిక్కుకున్నవాళ్లో, వాళ్ల జట్టులోని వాళ్లో. 2023 ఫిబ్రవరిలో, గండోలా రెండో దశ ఎక్కే ఈ అఫర్వత్ కొండ మీదే ఇద్దరు పోలండ్ స్కీయర్లు ఇలాగే పోయారు. ఏడాది తిరిగేసరికి, 2024 ఫిబ్రవరిలో, అదే కొండ మీద ఒక రష్యన్ స్కీయర్. అలవాటున్నవాళ్లనే ఆ కొండ వదల్లేదు.

ఇక సామాన్ల సంగతి. తాడు దాటేవాళ్లు ప్రతి ఒక్కరి దగ్గరా మూడు ఉండాలి: ట్రాన్సీవర్, ప్రోబ్ (మంచులో గుచ్చి కింద మనిషి ఉన్న చోటు కనిపెట్టే పొడుగాటి మడత కర్ర), పార. ట్రాన్సీవర్ ఒంటికి కట్టుకునే చిన్న రేడియో పెట్టె. ఏ కంపెనీదైనా 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది కాబట్టి ఒకరిది ఇంకొకరిని పట్టుకోగలదు. కొంటే సరిపోతుందనుకోకండి. స్కీయింగ్‌కు వెళ్లే మిత్రులకు నేను ఆదివారం పొద్దున కబ్బన్ పార్కులో ఈ అభ్యాసం చేయిస్తాను. ఒక ట్రాన్సీవర్‌ను సంచిలో పెట్టి ఎండుటాకుల కింద దాచి వెతకమంటాను. తెర మీద దూరం చూపే అంకె 30 నుంచి 18కి, 9కి దిగుతుంది. ఆ ఉత్సాహంలో అందరూ పరుగు పెడతారు. అంకె మళ్లీ పెరగడం మొదలయ్యాక గానీ దాటిపోయామని తెలియదు. దగ్గరికొచ్చేకొద్దీ నెమ్మదించి, పెట్టెను నేలకు ఆనించినంత కిందికి దించి, శిలువ ఆకారంలో అటూ ఇటూ కదిపి, అన్నిటికంటే చిన్న అంకె వచ్చిన చోట ఆగాలి. జేబులో మొబైల్ ఆన్‌లో ఉంటే అది కూడా అంకెల్ని చెడగొడుతుంది. వెతికేటప్పుడు ఫోన్‌ను కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. ఎండలో, గడ్డి మీద, ఎవరి ప్రాణానికీ ముప్పు లేనప్పుడే ఇంత తడబాటు. మంచు కింద పడ్డ మనిషిని మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది. అరగంట దాటితే ఆశ సన్నగిల్లుతుంది. కిందనుంచి సహాయక బృందం అంతలోపు రాలేదు. తియ్యాల్సింది పక్కనున్న మీ ఫ్రెండే. మీ నలుగురిలో ఎవరికి అది చేతనవును? ఈ ప్రశ్న మీరు నలుగురూ కూర్చుని నిజాయితీగా వేసుకోవాలి.

ఈసారి ఏం చేయాలంటే, గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. అక్కడి కోర్సులో చేరండి, లేదా అనుభవం ఉన్న స్థానిక శిక్షకుణ్ని పెట్టుకోండి. మొదటి దశ దిగే కొంగ్డూరి దగ్గరి వాలు మీకు కావలసినంత. రెండు వైపులా తిరగడం, ఎక్కడంటే అక్కడ ఆగడం భయం లేకుండా వచ్చాక, ఇంకో శీతాకాలంలో గైడ్‌తో, చరియల గురించి చదువుకుని, మీరన్న కొత్త మంచులోకి వెళ్దురు గానీ. మీ కోరిక తప్పు కాదు. దానికి ఇంకా సమయం ఉంది, అంతే.

స్కీలు, బూట్లు కొనకండి, అద్దెకు దొరుకుతాయి. కొనాల్సినవి గాగుల్స్, మంచి గ్లౌజులు, ఉన్ని కలిసిన పలచని పొడుగు సాక్సులు. సాక్సులు ఒక జతే వేసుకోండి. రెండు జతలు వేస్తే రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. బూటు వేసుకుని నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకు తగలాలి, మోకాళ్లు వంచితే వదలాలి. అద్దె షాపులో మీ బరువు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) ఎంత బిగించాలో బరువు, ఎత్తు, వయసు, అనుభవం, బూటు అడుగు పొడవు చూసే నిర్ణయిస్తారు. ఎక్కువ బిగిస్తే పడినప్పుడు స్కీ ఊడదు, మోకాలే మెలితిరుగుతుంది. లిగమెంటు తెగి నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే: పడుతూ పడుతూ, ఇంకా జారుతుండగానే లేవబోయాం అని. పూర్తిగా ఆగేదాకా లేవకండి.

ఇప్పటినుంచి వారానికి మూడు రోజులు మెట్లు దిగండి. ఎక్కడానికి లిఫ్ట్ వాడినా ఫర్వాలేదు, దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టూ మెల్లగా, మోకాలి మీద అదుపుతో దిగాలి. స్కీయింగ్‌లో తొడలు చేసే పని అదే.

ప్రశ్న: మా అబ్బాయి గుల్మార్గ్ తీసుకెళ్తానంటున్నాడు. నాకు 58, బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులు. గండోలా ఎక్కొచ్చా?
— ఒక గృహిణి, విజయనగర్

జవాబు: బీపీ అదుపులో ఉండి మీ డాక్టరు సరేనంటే మొదటి దశ ఎక్కండమ్మా. రెండో దశ వద్దు. ఊరు చేరిన రోజు ఎటూ వెళ్లకుండా విశ్రాంతి తీసుకుని, మర్నాడు ఎక్కండి. తలనొప్పి, వికారం మొదలైతే వెంటనే కిందికి దిగిపోవాలి. జారని అడుగున్న బూట్లు, చేతికర్ర తప్పనిసరి. మందులు సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి. ఇంకొకటి, మీ అబ్బాయికి చెప్పండి: మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

ప్రశ్న: బెంగళూరులోని మంచు పార్కులో స్కీయింగ్ ప్రాక్టీస్ అవుతుందా?
— కాలేజీ విద్యార్థి, కె.ఆర్.పురం

జవాబు: అవదు. అది ఆడుకోవడానికి బాగుంటుంది, స్కీయింగ్‌కు కావలసిన పొడవైన వాలు అక్కడ లేదు. చక్రాలు ఒకే వరసలో ఉండే ఇన్‌లైన్ స్కేటింగ్ నేర్చుకోండి. ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చడం దాంతో అలవాటవుతుంది. హెల్మెట్, మణికట్టు గార్డులు పెట్టుకునే మొదలుపెట్టండి.