చరిత్రలో పరిశోధన చేస్తానంటున్న అమ్మాయి

ప్రశ్న: మేము గాజువాకలో ఉంటాం. మా అమ్మాయి చరిత్ర ఒక సబ్జెక్టుగా బీఏ తెలుగు మీడియంలో పూర్తి చేసింది. ఎంఏ హిస్టరీ చేసి పరిశోధన వైపు వెళ్తానంటోంది. మేము బీఈడీ చేయమంటున్నాం, బంధువులు గ్రూప్-2 కోచింగ్‌లో చేర్చమంటున్నారు. యూకేలో అయితే ఎంఏ ఏడాదిలో అయిపోతుందని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి చేరాలనుకుంటున్నది పట్టా కోసమా, పాత కాగితాల నుంచి కొత్త సంగతి రాబట్టే పని నేర్చుకోవడానికా అన్నది ముందు మీ ఇంట్లో తేలాలి. పట్టా కోసమే అయితే మీ భయం సరైనదే, దానికి రెండేళ్లు వెచ్చించనక్కర్లేదు. పని నేర్చుకోవడానికే అయితే మాత్రం ఆమెను ఆపవద్దని నేను గట్టిగా చెబుతాను.

ఆ పని ఎలా ఉంటుందో తెలియడానికి విశాఖ దాటి వెళ్లనక్కర్లేదు. సింహాచలం గుడిలో శ్రీకృష్ణదేవరాయల శాసనం ఉంది. అందులో కాలం శక సంవత్సరం 1438 అని ఉంటుంది. దానికి 78 కలిపితే 1516 వస్తుంది. అయితే శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది కాబట్టి, శాసనంలోని తిథి జనవరి నుంచి ఉగాది లోపు పడితే 78 కాదు, 79 కలపాలి. ఒక్క అంకె దగ్గరే ఇంత జాగ్రత్త పడవలసిన చదువు ఇది. రాజు దేవుడికి ఏయే ఆభరణాలు సమర్పించాడు, దానంలో రాణుల ప్రస్తావన ఎలా వచ్చింది అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. ఇలాంటి చిన్న లెక్క దగ్గర మీ అమ్మాయి విసుగు చెందకుండా గంటసేపు కూర్చోగలిగితే, ఆమెకు ఈ చదువు పట్టుబడుతుందని నా నమ్మకం.

ఎంఏలో అన్నింటికన్నా విలువైనది డిసర్టేషన్, అంటే ఒక అంశంపై విద్యార్థి సొంతంగా పరిశోధించి రాసే వ్యాసం. చాలామంది విద్యార్థులు దాన్ని చివరి సెమిస్టర్‌లో మూడు పుస్తకాలు ముందు పెట్టుకుని ముగించేస్తారు. నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి మంచి మార్కులతో ఎంఏ పూర్తి చేసి పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు వెళ్తే, "మీరు స్వయంగా చదివిన మూల పత్రం ఏది?" అని అడిగారట. చెప్పడానికి అతని దగ్గర ఒక్కటీ లేదు. అందుకే మొదటి సంవత్సరంలోనే చిన్న అంశం ఒకటి ఎంచుకోమనండి. "ఆంధ్రలో స్వాతంత్ర్యోద్యమం" లాంటి పేరు ఒక ఎంఏ విద్యార్థి మోయలేని బరువు. విశాఖ హార్బర్ సంగతి చూడండి. 1933లో జలదుర్గ అనే ఓడ రాకతో ఆ రేవు సముద్రపు ఓడలకు తెరుచుకుంది. ఆ నిర్మాణానికి భూమి ఎవరి దగ్గర తీసుకున్నారు, చుట్టుపక్కల జాలరి పేటలకు ఏమైంది అని అడిగితే, అది రెండేళ్లలో పట్టుకోగలిగిన ప్రశ్న అవుతుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు మన జిల్లా మద్రాసు పరిపాలనలోనే ఉండేది. అందువల్ల అప్పటి ప్రభుత్వ ఉత్తర్వులు, రెవెన్యూ కాగితాలు చాలావరకు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. ఆంగ్లేయ అధికారులు జిల్లా వివరాలతో రాసిన పుస్తకాలు, అంటే కార్మైకేల్ 1869లో రాసిన జిల్లా మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907లో రాసిన గెజెటీరు ఇంట్లో కూర్చునే చదవవచ్చు. సెలవుల్లో పది రోజులు ఎగ్మోర్‌లో గడిపే ఖర్చును మీరు కోచింగ్ ఫీజు లాగే లెక్కలో వేసుకోండి.

భాష విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. కాలేజీ అధ్యాపక ఉద్యోగాలకు, పరిశోధక వేతనానికి అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో హిస్టరీ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది. ఆంగ్లేయుల కాలపు రికార్డులు ఎక్కువగా ఇంగ్లీషు చేతిరాతలో ఉంటాయి. తెలుగు మీడియం ఆమెకు లోటు కాదు. శాసనాలు, పాత దస్తావేజులు చదవడంలో అదే ఆమె బలం అవుతుంది. కానీ ఇంగ్లీషులో రోజుకు పది పేజీలు చదివి, ఒక పేజీ సొంత మాటల్లో రాసే అలవాటు ఇప్పుడే మొదలవ్వాలి.

సీటు విషయానికొస్తే, 1926లో ఏర్పడిన ఆంధ్రా యూనివర్సిటీలో ప్రవేశానికి ఏపీ పీజీసెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలి. రెండూ రాయించండి.

ఇక సంపాదన. ఎంఏలో 55 శాతం మార్కులు ఉంటే నెట్‌కు అర్హత వస్తుంది. రిజర్వుడు వర్గాలకు 50 శాతం చాలు. ఆఖరి సంవత్సరంలోనే రాయవచ్చు. నెట్ ద్వారా ఇచ్చే పరిశోధక వేతనం జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, దానిపైన ఇంటి అద్దె భత్యం ఇస్తారు. దీనికి సాధారణ వయోపరిమితి 30 ఏళ్లు, మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది. కాబట్టి పెళ్లి వయసు దాటిపోతుందన్న తొందరలో ఈ దారిని మూసేయకండి. జేఆర్‌ఎఫ్ రాకపోయినా, జూనియర్ లెక్చరర్ పోస్టుకు పీజీ చాలు. ఎంఏ తర్వాత బీఈడీ చేస్తే కేంద్రీయ విద్యాలయాల్లో పీజీటీకి, అంటే 11, 12 తరగతుల టీచర్ పోస్టుకు కూడా అర్హురాలవుతుంది. మీ బంధువులు చెప్పిన గ్రూప్-2 మెయిన్స్‌లో ఆంధ్రప్రదేశ్ సాంఘిక, సాంస్కృతిక చరిత్ర ఒక ముఖ్యభాగం కనుక, ఎంఏ కోసం చదివింది అక్కడా అక్కరకొస్తుంది. అందుకని నేను ఎంఏ ముందు, బీఈడీ తర్వాత అంటాను.

యూకే మాట ఇప్పుడు వద్దు. ఏడాది కోర్సు నిజమే. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఈస్టిండియా కంపెనీ రికార్డులు ఉన్న మాటా నిజమే. కానీ అక్కడ ఏం వెతకాలో తెలియకుండా అప్పు చేసి వెళ్తే, ఆ ఏడాది దారి తెలుసుకోవడానికే సరిపోతుంది. ఇక్కడ ఎంఏ చేసి, ఒక ప్రశ్న చేతిలో పట్టుకుని, స్కాలర్‌షిప్ దొరికితే వెళ్లాలి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు కనీసం రెండేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు కనుక, అది ఎలాగూ ఇప్పటి మాట కాదు.

ఈ ఆదివారం మీరిద్దరూ భీమిలి వెళ్లి రండి. అక్కడి డచ్చివారి సమాధుల మీద చెక్కిన పేర్లు, తేదీలు ఆమెను నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ఇంటికి వచ్చాక, వాటిలో ఒక మనిషి గురించి తెలుసుకోవాలంటే ఎక్కడెక్కడ వెతకాలో ఒక పేజీ రాయమనండి. ఆ పేజీ తీసుకుని ఇద్దరూ నన్ను కలవండి.